ఆరుబయట నిలిచే పాత కారు: సీమ ఎండకూ గాలికీ ఏ కవరు ఆగుతుంది?

కారు కవరు కొనబోయిన వాళ్ళు షాపులో మొదట అడిగే మాట "వాటర్‌ప్రూఫేనా?" షాపతను గుడ్డను గుంటగా పట్టి మగ్గుడు నీళ్ళు పోస్తాడు. కింద చుక్క రాలదు. బేరం కుదిరిపోతుంది. కొత్త కారుకైతే ఆ పరీక్షతో సరిపెట్టుకోవచ్చు. అనంతపురంలోనో కర్నూలులోనో కడపలోనో ఇంటి ముందు ఆరుబయట నిలబడే 1960ల అంబాసిడర్‌కో, ఫియట్ 1100కో, స్టాండర్డ్ హెరాల్డ్‌కో మాత్రం అలా కొన్న కవరే తుప్పు తెచ్చిపెడుతుంది.

అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర. అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలలది. కడపకు ఈశాన్య రుతుపవనం తోడై నవంబరు దాకా సాగుతుంది. మిగతా ఏడాదంతా కవరు తట్టుకోవాల్సింది ఎండను, గాలిని, దుమ్మును. ఫిబ్రవరి చివర మొదలైన ఎండ రోహిణి కార్తె దాటేదాకా వదలదు. అది తగ్గీ తగ్గకముందే జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి పట్టుకుంటుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. కాబట్టి కవరులో చూడాల్సినవాటి వరస ఇక్కడ వేరు. ముందు ఎండకు ఆగాలి, తరవాత గాలికి కదలకుండా బిగిసి ఉండాలి, లోపలి తేమను బయటికి వదలాలి. వాన నీళ్ళు ఆపడం ఆ తరవాతి సంగతి.

నిలబడి ఉండే రోజులు ఎక్కువ కావడం కూడా పాత కారుకున్న ఇబ్బందే. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మోటారు వాహనాల నిబంధనలు సవరించి, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, పెద్దగా మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండ్లకు వింటేజ్ గుర్తింపు ఇచ్చింది. నంబరు ప్లేటులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. అలా రిజిస్టరైన బండిని రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పట్టించడానికి, రిపేరుకు తీయొచ్చు. అంటే కవరు కిందే దాని జీవితం గడుస్తుంది. అసలు రూపానికి విలువ ఉన్నప్పుడు, కవరు వల్ల పాడై మళ్ళీ పెయింటు కొట్టించాల్సి వస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

పాత పెయింటు, పాత రేకు

ఇప్పటి కార్లలో రంగు పొర మీద క్లియర్ కోటు అనే గాజులాంటి పొర ఉంటుంది. ఎండ దెబ్బ, చిన్న గీతలు ముందు దానికి తగులుతాయి. పాత కార్లకు అది లేదు. నైట్రోసెల్యులోజ్ లాకరో, సింథటిక్ ఎనామెలో, ఏదైనా రంగే పైపొర. మీ కారుకు ఏదుందో తెలుసుకోవాలంటే డిక్కీ మూత లోపలి అంచులాంటి కనబడని చోట తెల్లటి నూలుగుడ్డకు కొంచెం పాలిష్ అద్ది రుద్దండి. గుడ్డకు కారు రంగు అంటితే క్లియర్ కోటు లేదన్నమాట. అప్పుడు కవరు చేసే ప్రతి గీతా నేరుగా రంగులోకే దిగుతుంది. దాన్ని పోగొట్టడానికి చేసే ప్రతి పాలిషూ రంగును మరికొంచెం పలచబరుస్తుంది.

రేకు సంగతీ అంతే. ఇప్పటి బాడీలకున్న జింకు పూత వాటికి లేదు. అద్దాల చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు ఎండకు గట్టిపడి, పగిలి, నీళ్ళను తలుపు లోపలికి వదులుతుంది. తలుపు అడుగున ఆ నీళ్ళు పోవడానికి బెజ్జాలుంటాయి. మట్టి పట్టి అవి మూసుకుపోతే తలుపు అడుగంచును లోపలినుంచి తుప్పు తింటుంది. అంబాసిడర్‌లో గడపల కింద, డిక్కీ అడుగున, ముందు అద్దం బీడింగు కింద తుప్పు మొదలయ్యేది ఇందుకే. కవరు కొనకముందు ఈ బెజ్జాల్లో సన్నటి తీగ దూర్చి శుభ్రం చేయడం, పగిలిన బీడింగు మార్చడం మంచిది. లోపలికి నీళ్ళు దిగే కారుకు ఎంత ఖరీదైన కవరు వేసినా తేమను మూటగట్టినట్టే.

కొత్తగా పెయింటు వేయించిన కారైతే వెంటనే కవరు వేయకూడదు. పెయింటులోని సాల్వెంట్ ఆవిరి పూర్తిగా బయటికి పోవాలి. పీయూ (పాలీయూరిథేన్) పెయింటుకు నెలరోజులైనా ఆగాలి, సింథటిక్ ఎనామెల్‌కు రెండు మూడు నెలలు. ఆగకపోతే గుడ్డ నేత అచ్చు బానెట్ మీద పడుతుంది.

లోపలే పుట్టే నీళ్ళు

పూర్తిగా నీళ్ళాపే కవరు వేసి, రాత్రి వాన చుక్క కూడా పడకపోయినా, పొద్దున్నే తీస్తే పైరేకు తడిగా ఉంటుంది. కవరు కారిందని షాపుకు పోయి గొడవ పడతారు. అది కారిన నీరు కాదు. గాలిలోని తేమ ఏ ఉష్ణోగ్రత దగ్గర నీటిబొట్టుగా మారుతుందో దాన్ని తుషార స్థానం అంటారు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే కవరూ దాని కింది రేకూ వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడతాయి. ఆ చల్లదనం తుషార స్థానం కిందికి దిగిందా, కవరు లోపలి వైపు నీళ్ళు చెమర్చి పెయింటు మీద పడతాయి.

ఇది ఏడాదంతా జరగదు. మే నెలలో 42 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్నప్పుడు తుషార స్థానం 14 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ నెలలో రాత్రి రేకు అంత చల్లబడే ప్రసక్తే లేదు. అక్టోబరులో 28 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న సాయంత్రం అది 25 డిగ్రీలు దాటుతుంది. రేకు మూడు డిగ్రీలు చల్లబడితే చాలు, చెమట మొదలు. అందుకే వేసవిలో ఏ ఇబ్బందీ పెట్టని కవరు దసరా నుంచి సంక్రాంతి దాకా బండిని తినేస్తుంది.

దీనికి నేల తోడవుతుంది. మట్టినేల మీదో గడ్డి మీదో నిలబెట్టిన కారు కిందనుంచి ఆవిరి పైకి లేస్తూనే ఉంటుంది. కవరు అంచులు నేలదాకా దిగితే ఆ ఆవిరికి వేరే దారి లేదు. పొద్దెక్కాక కవరు కింద వేడి పెరిగి అదే తేమ ఆవిరై బీడింగు సందుల్లోకి, బంపరు క్రోమ్ పొరలోని సూక్ష్మ రంధ్రాల్లోకి, సీటు కింది జనపనార పీచులోకి చొరబడుతుంది. రోజూ తడిసి ఉడికే క్రోమ్ మీద ముందు గోధుమరంగు చుక్కలు, తరవాత గుంటలు పడతాయి. పెయింటు పొక్కులు లేచేది కూడా ఇలాగే.

గుడ్డ ఆవిరిని వదులుతుందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. షాపులో జానెడు ముక్క అడిగి తెచ్చుకోండి. గ్లాసులో సగందాకా పొగలు కక్కే వేడినీళ్ళు పోసి, దాని మూతికి గుడ్డను బిగించి రబ్బరు వేసి, మీద చల్లటి గాజు గ్లాసు బోర్లించండి. రెండు మూడు నిమిషాల్లో పై గ్లాసు లోపల మబ్బు పడితే గుడ్డ ఊపిరి తీసుకుంటున్నట్టు. పై గ్లాసు తేటగానే ఉంటే, లేబుల్ మీద 'బ్రీతబుల్' అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా నమ్మనక్కర్లేదు.

ఏ గుడ్డ దేనికి

నీలం రంగు పట్టా, లారీల మీద కప్పే పీవీసీ టార్పాలిన్: రెండూ వద్దు. చవకగా దొరుకుతాయి, నీళ్ళు ఆపుతాయి, అంతవరకే. పట్టా అంచులకు కొట్టిన లోహపు కన్నాలు గాలికి తలుపుల మీద టకటకా కొడతాయి. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ ఎండ వేడికి బయటికొచ్చి పాత లాకరులోకి ఇంకుతుంది. పెయింటు జిగురుగా మారి, కవరు తీసినప్పుడు మచ్చలు మిగులుతాయి. ఈ మచ్చలు పాలిష్‌కు కూడా పోకపోవచ్చు.

బజార్లో ఎక్కువగా కనిపించేది వెండిరంగు టఫెటా, అంటే వెండి పూత వేసిన పలచటి పాలియెస్టర్ గుడ్డ. '190టీ' అని రాసి ఉంటుంది. చదరపు అంగుళంలో నిలువు, అడ్డం పోగులు కలిపి 190 అని దాని అర్థం. అది మందాన్ని చెప్పదు. పోగు లావు తెలియాలంటే డెనియర్ చూడాలి. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. గుడ్డ మొత్తం బరువుకు జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు గ్రాములు. వెండి పూత వేడిని వెనక్కి కొడుతుంది, అది నిజమైన మేలు. కానీ పూత ఉన్న టఫెటా ఆవిరిని దాదాపు వదలదు. మడతల దగ్గర పూత రాలడం మొదలైతే ఇక ఆగదు. కొనేముందు ఒకేచోట గట్టిగా పదిసార్లు మడిచి, విప్పి, వెలుతురుకు పట్టి చూడండి. సూదిమొన చుక్కలు కనబడితే పక్కన పెట్టేయండి.

నేయని గుడ్డ ఇంకో రకం. పాలీప్రొపిలీన్ పీచును అదిమి మూడు పొరలుగా చేస్తారు. మంచిరకంలో మధ్యపొర సూక్ష్మ రంధ్రాలున్న ఫిల్ము. దాంట్లోంచి నీటిబొట్టు దూరలేదు, ఆవిరి దూరుతుంది. వానాకాలానికి ఇంతకన్నా తగింది తక్కువ ఖర్చులో లేదు. దీని బలహీనత ఎండ. యూవీ తట్టుకునే మందు కలపని పాలీప్రొపిలీన్ సీమ ఎండకు పెళుసెక్కి, గోటితో గీస్తే పొడి రాలుతుంది. ఆ మందు ఉందో లేదో చూసి చెప్పడానికి ఇంట్లో చేసుకునే పరీక్ష లేదు. తయారీదారు ఎన్ని నెలల ఎండకు హామీ ఇస్తున్నాడో కాగితం మీద చూసుకోవాలి. నోటిమాట హామీకి విలువ లేదు.

అన్నిటికన్నా ఎక్కువకాలం ఎండకు నిలిచేది సొల్యూషన్ డైడ్ యాక్రిలిక్. పోగు తయారయ్యేటప్పుడే రంగు లోపల కలుస్తుంది కనుక త్వరగా వెలవదు. హోటళ్ళ ముందు పందిళ్ళకు, పడవల మీద కప్పడానికి వాడే గుడ్డ ఇదే. ఆవిరిని బాగా వదులుతుంది. మామూలు వానను ఆపుతుంది, రాత్రంతా పట్టిన ముసురుకు కొంత చెమ్మ దిగొచ్చు. ఖరీదు ఎక్కువ. ఇక్కడి బజార్లో దొరక్కపోతే బెంగళూరులో ఆనింగులు (ఆ ఎండ పందిళ్ళు) కుట్టేవాళ్ళ దగ్గర మీటర్ల లెక్కన అడగాలి. నూలు కాన్వాసు ఊపిరి బాగా తీసుకుంటుంది గానీ తడిస్తే బరువెక్కి బూజు పడుతుంది. పైన రేకు నీడ ఉన్నవాళ్ళకే అది.

లేబుళ్ళ మీద '3,000 ఎంఎం', '5,000 ఎంఎం' అని గొప్పగా రాస్తారు. గుడ్డ మీద అంత ఎత్తు నీటి స్తంభం నిలిపితే అప్పుడు కారుతుందని అర్థం. కారు పైన గుంటలో నీళ్ళు నిలిచినా ఐదు సెంటీమీటర్లకు మించవు, అంటే 50 మిల్లీమీటర్లు. చినుకు విసురు, గాలి ఒత్తిడి కలుపుకున్నా 1,000 నుంచి 1,500 చాలు. నీళ్ళు దిగేది ఎప్పుడూ కుట్టు దగ్గరే. మగ్గు పరీక్ష చేయాలనుకుంటే గుడ్డ మధ్యలో కాదు, కుట్టు మీద చేయండి. లీటరు నీళ్ళు పోసి అరగంట వేలాడదీయండి.

లోపలి అస్తరు మెత్తగా ఉందో లేదో చేత్తో తడిమితే తెలియదు. పాత సీడీ తళతళలాడే వైపు అస్తరుతో ఇరవైసార్లు ఒత్తి రుద్ది వెలుతురులో చూడండి. సీడీ మీద పడిన గీతలే మీ కారు మీదా పడతాయి.

గాలి పాలైన కవరు

సీమలో కవరు చేసే నష్టంలో సగం గాలి పద్దులోనే రాయాలి. మన దుమ్ములో ఉండేది చాలావరకు క్వార్ట్జ్ రేణువులు. మోస్ కాఠిన్య కొలమానం మీద క్వార్ట్జ్ 7. కత్తి ఉక్కుకన్నా గట్టిది. వదులుగా ఉన్న కవరు గాలికి రోజంతా టపటపలాడుతుంటే, దాని కింద చేరిన దుమ్ముతో అది గరుకు కాగితంలా పనిచేస్తుంది. ముందు పోయేవి మడ్‌గార్డుల గట్లు, బానెట్ అంచు, డిక్కీ మూలలు. ఫియట్ వెనక రెక్కల కొసల మీద రంగు పోయి రేకు కనబడుతోందంటే సాధారణంగా కవరు పుణ్యమే.

ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల చుట్టుపక్కల దీనికి సిమెంటు దుమ్ము, బండల పాలిష్ పొడి కలుస్తాయి. సున్నపురాయి పొడి మెత్తనిది, గీతలు తక్కువ పెడుతుంది. సిమెంటు దుమ్ము మంచుకు తడిస్తే క్షారంగా మారి పెయింటును కొరికి, అక్కడే గట్టిపడుతుంది. దాన్ని గుడ్డతో తుడవకూడదు, నీళ్ళధారతో వదిలించాలి. అప్పటికే అంటుకున్న మచ్చలకు పదిపాళ్ళ నీళ్ళలో ఒకపాలు వెనిగర్ కలిపి తడిపి, నిమిషం ఆగి, పుష్కలంగా కడిగేయాలి. క్రోమ్ మీద అది నిలవకుండా చూసుకోవాలి.

కవరు కదలకుండా ఉండాలంటే అంచుకు ఎలాస్టిక్ ఒక్కటే చాలదు. ఎండకు ఆ ఎలాస్టిక్ ఎలాగూ సాగిపోతుంది. కారు పొట్ట కిందనుంచి పోయే పట్టీలు కావాలి: ముందు చక్రాల వెనక ఒకటి, వెనక చక్రాల ముందు ఒకటి, గాలి ఎక్కువుండే మిద్దెల సందుల్లో నడుమ ఇంకొకటి. 25 మిల్లీమీటర్ల వెడల్పు నైలాన్ లేదా పాలియెస్టర్ నవారు, ప్లాస్టిక్ బకిల్. ఇనుప బకిల్ వద్దు. అది కారు కిందనుంచి లాగేటప్పుడు గడపకు తగిలి రంగు లేపుతుంది. స్థలం ఉంటే కారు ముక్కును పడమటికి తిప్పి నిలపండి. గాలి ముందునుంచి వస్తే కవరును ఒత్తుతుంది, వెనకనుంచి వస్తే డిక్కీ కిందుగా దూరి ఊదుతుంది.

కొలతలిచ్చి కుట్టించుకుంటే

పాత కార్లకు రెడీమేడ్ కవరు సరిగ్గా కుదరదు. 'సెడాన్ మీడియం' అని అమ్మేది ఇప్పటి కార్ల ఏటవాలు ఒంటికి కుట్టింది. అంబాసిడర్ పొడవు 4.3 మీటర్ల చిల్లర, ఎత్తు 1.6 మీటర్ల దగ్గర. నిటారు అద్దాలు, గుండ్రటి కప్పు. దానికి రెడీమేడ్ వేస్తే పైన బిగిసి, పక్కల జోలెలా వేలాడుతుంది. సీటు కవర్లు కుట్టేవాళ్ళు, టార్పాలిన్ కుట్టేవాళ్ళు మూడు ఊళ్ళలోనూ ఉన్నారు. గుడ్డ మనం ఇస్తే కుట్టుకూలి తీసుకుని కుట్టిపెడతారు. ఏం అడగాలో తెలిసి ఉండటం ముఖ్యం.

మెత్తటి టేపుతో మొదటి కొలత నడిమధ్యన: ముందు బంపరు కిందినుంచి బానెట్, అద్దం, కప్పు, వెనక అద్దం, డిక్కీ మీదుగా వెనక బంపరు కిందికి. టేపు కారు ఒంటికి అంటి పోవాలి. అంబాసిడర్‌కు ఇది ఆరు మీటర్ల పైచిలుకు వస్తుంది. రెండోది అడ్డంగా, తలుపుల మధ్య స్తంభం దగ్గర: ఒకవైపు గడప కిందినుంచి కప్పు మీదుగా రెండోవైపు గడప కిందికి. ఇదే అడ్డుకొలత ముందు చక్రాల మీద, వెనక చక్రాల మీద కూడా తీసుకోవాలి. వెనక చూసుకునే అద్దాలు, ఏరియల్, బంపరు కొమ్ములు ఎక్కడెక్కడున్నాయో ముందు బంపరు నుంచి దూరం రాసుకోవాలి.

ఒకటిన్నర మీటరు పన్నా ఉన్న గుడ్డైతే మూడు పలకలుగా కత్తిరించమనండి. నడిమి పలక బానెట్ నుంచి డిక్కీ దాకా ఒకటే, పక్క పలకలు రెండు. అప్పుడు కుట్లు రెండూ కప్పు అంచున, వాన కాలువ కిందుగా పడతాయి, నీళ్ళు వాటి మీద నిలవవు. కప్పు నడుమ కుట్టు వస్తే అది కారక మానదు. నడిమి పలకకు ఆరు మీటర్ల ముప్పావు, పక్కలకు ఐదేసి మీటర్లు, అంచు మడతకూ అతుకులకూ మీటరు కలిపితే అంబాసిడర్‌కు 18 మీటర్ల గుడ్డ. నాలుగు మీటర్లలోపు పొడవుండే ఫియట్‌కు 16 సరిపోతుంది. నవారు ఏడెనిమిది మీటర్లు. వానకు కుంచించుకుపోయే నూలు గుడ్డైతే కత్తిరించకముందే తడిపి ఆరబెట్టాలి.

మూడు పలకల్లో ఇంకో లాభం ఉంది. అన్నీ ఒకే గుడ్డతో కుట్టాల్సిన పనిలేదు. వాన, ఎండ పడేది పైన కనుక నడిమి పలకను వెండిపూత పాలియెస్టర్‌తోనో యాక్రిలిక్‌తోనో పెట్టి, పక్క పలకలను పూత లేని మందపాటి పాలియెస్టర్‌తో కుట్టిస్తే, పై నుంచి నీళ్ళు దిగవు, లోపలి ఆవిరి పక్కలనుంచి పోతుంది. ఒక్క కవరుతో ఏడాది నెట్టుకురావాలనుకునేవాళ్ళకు దీనికన్నా మంచి ఏర్పాటు కనబడదు. దానికి తోడు వెనక అద్దం పక్కన, రెండువైపులా, అరచేయంత గాలి కిటికీ పెట్టించండి. పైన రెప్పలాంటి మూత, లోపల సన్నటి వల. వల లేకపోతే కందిరీగలు గూడు కడతాయి.

దర్జీలు మామూలుగా చేసే పొరపాట్లు మూడు. నూలు దారంతో కుట్టడం: ఎండకు అది గుడ్డకన్నా ముందే తెగుతుంది, పాలియెస్టర్ దారం కావాలి. కుట్టు దగ్గరదగ్గరగా వేస్తే గట్టిదనుకోవడం: సూది కన్నాలు పెరిగి గుడ్డ అక్కడే చినుగుతుంది, అంగుళానికి ఆరేడు కుట్లు చాలు. మూడోది అస్తరును కింది అంచుదాకా దించడం. నేల మీద నిలిచిన నీళ్ళను ఆ అస్తరు వత్తిలా పీల్చుకుని తలుపుల దాకా ఎక్కిస్తుంది. అంచుకు జానెడు పైనే అస్తరు ఆగాలి. బంపరు కొమ్ములు, తలుపు పిడులు, ఏరియల్ తగిలే చోట బయటివైపు అదనపు అతుకు వేయించాలి. రెగ్జిన్ అతుకు లోపలివైపు వేస్తే పీవీసీ గొడవ మళ్ళీ మొదటికొస్తుంది.

జీపుల సంగతి వేరు. కాన్వాసు టాపు ఉన్న విల్లీస్‌కో మహీంద్రాకో కవరు కింద టాపు మడతల్లో నీళ్ళు నిలవకుండా లోపలినుంచి ఒక కర్రో పైపో అడ్డం కట్టి కప్పును వాలుగా లేపాలి.

కింద నేల, పైన నీడ

కారు నిలిపే చోట కడప బండలో కాంక్రీటో ఉంటే సగం తేమ బెడద తగ్గినట్టే. మట్టినేల తప్పదంటే 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు పరిచి, మీద రెండంగుళాల ఇసుక పోసి, బండలు పరవాలి. కవరు అంచు నేలకు నాలుగైదు అంగుళాలు పైనే ఉండాలి. కిందినుంచి వచ్చే నీళ్ళకు కవరు ఏమీ చేయలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు కవరు ఉన్న బండికీ లేని బండికీ తేడా లేదు. వాగు పక్కన, వంక పక్కన ఉన్నవాళ్ళు చూసుకోవాల్సింది ఎత్తైన చోటు.

వేపచెట్టు నీడ వేసవిలో ఆశపెడుతుంది. కాకుల రెట్టలోని యూరిక్ ఆమ్లం, చెట్టు పురుగులు వదిలే జిగురు, ఉడతలు, కోతులు దాంతోపాటు వస్తాయి. వేప కింద పెడితే కవరు రెండింతలు మురికవుతుంది, వానలో ఆరదు. 75 శాతం ఎండను ఆపే గ్రీన్ షేడ్ నెట్, నాలుగు జీఐ పైపులు, ఎనిమిదడుగుల ఎత్తు పెట్టుకోగలిగితే అది చెట్టుకన్నా మేలు, ఎండ కవరును తినడం బాగా తగ్గుతుంది. రేకుల షెడ్డుకు కూడా రాత్రి చెమట పడుతుందని మరవకండి. రేకు కింద కవరు ఉండాల్సిందే, అది నూలుదైనా సరే.

ఎలుకలు, పందికొక్కులు కవరు కింది చీకటిని ఇష్టపడతాయి. పాత కార్ల వైరింగు మీద నూలు అల్లిక ఉంటే మరీ ఇష్టం. సైలెన్సరు మూతికి ఇనుప వల కట్టి, అది కట్టిన సంగతి స్టీరింగుకు చీటీ తగిలించుకోండి.

వేయడం, తీయడం

ఇంజను వేడిగా ఉండగా కవరు వేయకూడదు. గంట ఆగాలి, సైలెన్సరుకు ఇంకొంచెం. పొడి గుడ్డతో దుమ్ము దులిపి కవరు వేయడం పరమ చెడ్డ అలవాటు. నీళ్ళధారతో కడిగి, ఆరాకే వేయాలి. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. కడిగి వదిలేస్తే తెల్లమచ్చలు మిగిలి, వాటి మీద కవరు రాసుకుంటుంది. ఆఖరి బకెట్టు వాననీళ్ళో ఫిల్టరు నీళ్ళో కావాలి. ఆర్వో మెషీను బయటికి వదిలే నీళ్ళు పొదుపనుకుని వాడతారు కొందరు. అందులో ఉప్పులు బోరు నీళ్ళకన్నా ఎక్కువ.

వేసేటప్పుడు చుట్టను కప్పు మీద పెట్టి ముందుకు, తరవాత వెనక్కి విప్పాలి. కారు పొడవునా ఈడ్చకూడదు. తీసేటప్పుడు రెండు పక్కలను కప్పు మీదికి మడిచి, ముందునుంచి వెనక్కి చుట్టాలి. అలా చేస్తే బయటి దుమ్ము బయటి వైపే ఉండిపోతుంది. నేల మీద పరిచి మడిస్తే అస్తరుకు మట్టి అంటుతుంది, ఆ మట్టి మర్నాడు పెయింటు మీదికి చేరుతుంది.

అక్టోబరు నుంచి జనవరి దాకా వారానికి ఒకరోజు, ఎండెక్కాక, కవరు పూర్తిగా తీసి, నాలుగు తలుపులూ డిక్కీ తెరిచి రెండు గంటలు గాలి తగలనివ్వాలి. ముసురు పట్టి తీయడం కుదరకపోతే, వాన వెలిసిన మొదటి ఎండలో తీయాలి. కారు లోపల తేమను పీల్చే సిలికా జెల్ గుళికలు, రంగు మారే రకం, కిలో గుడ్డ సంచిలో పెట్టొచ్చు. రంగు మారాక ఓవెన్లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్ళీ పనికొస్తుంది. అద్దాలను గాలి రానివైపు వేలెడు సందు దించి ఉంచడం మంచిది, కవరు ఆవిరిని వదిలే రకమైతేనే.

కవరును బట్టల పౌడరుతో ఉతికితే పూత పోతుంది, మిషన్‌లో వేస్తే చిల్లులు పడతాయి. కాస్త మెత్తటి సబ్బు, చల్లటి నీళ్ళు, మెత్తని బ్రష్షు. నీడలో రెండువైపులా ఆరబెట్టాలి. నేయని గుడ్డ నుంచి పొడి రాలడం మొదలైనా, వెండిపూత రేకులుగా లేస్తున్నా ఇక ఆ కవరు ఆయుష్షు తీరినట్టే. మామూలు కవరు ఇక్కడ రెండో వేసవి దాటడం అరుదు. మూడు పలకల కవరులో ముందు పోయేది నడిమి పలక. పక్కలు గట్టిగా ఉంటే కవరంతా పారేయకుండా దర్జీ దగ్గర ఆ పలక ఒక్కటే విప్పించి, దాన్నే అచ్చుగా పెట్టి కొత్తది కత్తిరించమనండి. ఎండకు గుడ్డ కొంత లాక్కుపోయి ఉంటుంది కనుక చుట్టూ అంగుళం ఎక్కువ ఉంచమని చెప్పాలి.